అల ఎక్కడ అరిగిపోతుంది?

డిగ్రీలో భౌతికశాస్త్రం చెప్పేవాళ్ళందరికీ కొట్టినపిండి అయిన పాఠం ఒకటుంది. స్ప్రింగుకు బరువు వేలాడదీస్తాం. అది ఊగుతుంది. వేగానికి అనులోమంగా ఒక అవరోధ బలం పనిచేస్తోందని అనుకుని సమీకరణం సాధిస్తాం. అవరుద్ధ డోలనాల అధ్యాయం అక్కడితో పూర్తి. తర్వాత తరంగాలు వస్తాయి. ఆ సమీకరణంలోనూ అదే అవరోధ బలపు పదాన్ని అదే గుణకంతో అతికించి, ఇది అవరుద్ధ తరంగం అని చెప్పి ముందుకు పోతాం. ఈ అతికింపు మీద నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. గాలిలో మోగే తీగకు ఇది కొంతవరకు సరిపోతుంది. నీరు, నూనె, బురద, గాలి వంటి ప్రవాహుల్లో పుట్టే అలలకు మాత్రం సరిపోదు. పైగా విద్యార్థి మనసులో పుట్టవలసిన అసలు ప్రశ్నను పుట్టనివ్వదు.

ఆ ప్రశ్న ఇది: అల శక్తి ఎక్కడ పోతోంది? ఎంత పోతోంది అన్నది దాని తర్వాతి మాట.

మూడో సంవత్సరం చదివే అమ్మాయి ఒకసారి క్లాసులో లేచి, "సార్, ఈ అవరోధ గుణకం విలువ నీటికి ఎంత తీసుకోవాలి?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. పుస్తకమంతా వెతికినా జవాబు దొరకదు, ఎందుకంటే నీటికి అలాంటి సంఖ్యే లేదు. సెంటీమీటరు అలకు ఒక విలువ, సముద్రపు అలకు కోట్ల రెట్లు తక్కువైన మరో విలువ. లోతు మారితే ఇంకొకటి, పైన చుక్క నూనె పడితే ఇంకొకటి. ఆ రోజు బోర్డు మీద మొదలుపెట్టి గంట కొట్టడంతో ఆపేసిన జవాబును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

ముందు ఆ పదంతో ఉన్న చిక్కు చూద్దాం. వేగానికి అనులోమమైన అవరోధం అంటే కదిలే ప్రతి నీటి చుక్కనూ ఏదో వెనక్కి లాగుతోందని అర్థం. లాగుతున్నది ఏది? స్ప్రింగుకు వేలాడే బరువు చుట్టూ గాలి ఉంది, కాబట్టి గాలి లాగుతుంది. నీటి నడుమ ఉన్న చుక్క చుట్టూ ఉన్నది నీరే. ఆ నీరు కూడా అదే వేగంతో పోతుంటే రాపిడి ఎక్కడినుంచి వస్తుంది? గట్లూ అడుగూ లేని విశాలమైన ప్రవాహం మొత్తం ఒకే వేగంతో కదులుతోందని ఊహించండి. పుస్తకంలోని పదం నిజమైతే ఆ ప్రవాహం దానంతట అదే ఆగిపోవాలి. కానీ ప్రవాహంతో పాటు అదే వేగంతో పడవలో పోయే మనిషికి నీరు నిశ్చలంగా కనిపిస్తుంది. అతని లెక్కలో అవరోధం సున్నా. నిలబడి చూసేవారికి మందగించే నీరు పడవలోని మనిషికి మందగించకుండా ఎలా ఉంటుంది? గెలీలియో కాలం నుంచి భౌతికశాస్త్రం ఇలాంటిదాన్ని ఒప్పుకోలేదు.

కాబట్టి ప్రవాహి లోపలి రాపిడికి వేగంతో పని లేదు. పొరకూ పొరకూ మధ్య ఉన్న వేగ భేదంతోనే పని. ఒక పొరను పైపొర ముందుకు లాగుతుంది, కింది పొర వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్ళూ సమానమైతే మిగిలే బలం సున్నా. బలం మిగలాలంటే పైన ఉన్న భేదం వేరు, కింద ఉన్న భేదం వేరు కావాలి. అంటే భేదాల మధ్య భేదం లెక్కలోకి వస్తుంది. గణితంలో దీన్నే రెండో అవకలజం అంటాం, మూడు దిశల్లోనూ కలిపితే లాప్లాసియన్. చాలామంది పిల్లలు లాప్లాసియన్‌ను గుర్తుపెట్టుకోవలసిన ఒక గుర్తుగా చూస్తారు. పై నాలుగు వాక్యాలు అర్థమైతే దాన్ని కంఠస్థం చెయ్యాల్సిన పని ఉండదు.

దీని ఫలితం చాలా పెద్దది. అల ఆకారాన్ని రెండుసార్లు అవకలనం చేస్తే తరంగ సంఖ్య వర్గం బయటికి వస్తుంది. తరంగ సంఖ్య అంటే 2π ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చేది. అంటే తరంగదైర్ఘ్యం సగమైతే క్షీణత నాలుగు రెట్లవుతుంది, పదో వంతైతే నూరు రెట్లవుతుంది. లోతైన నీటి మీద అలలకు ఈ లెక్కను జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ చేశాడు. లోలకాల మీద ప్రవాహుల రాపిడి ప్రభావం గురించి 1851లో అచ్చయిన ఆయన పెద్ద వ్యాసంలో అది ఉంది. కంపన పరిమితి (అల నిశ్చల మట్టం నుంచి పైకి లేచే ఎత్తు) క్షీణించే రేటు, నీటి శుద్ధగతిక స్నిగ్ధతను తరంగ సంఖ్య వర్గంతో గుణించి రెట్టింపు చేస్తే వస్తుంది. శుద్ధగతిక స్నిగ్ధత అంటే స్నిగ్ధతను, అనగా ద్రవపు జిగటను, సాంద్రతతో భాగించగా వచ్చేది. 20 డిగ్రీల దగ్గర నీటికి అది సెకనుకు ఒక చదరపు మిల్లీమీటరు.

ఇక సంఖ్యలు వేసి చూడండి. క్షీణత చక్రవడ్డీని తిరగేసినట్టు నడుస్తుంది: మిగిలి ఉన్నదానిలో ప్రతి సెకనుకూ ఒకే వంతు పోతుంది. అందువల్ల సగం కావడానికి పట్టే కాలం ఒక్కటి చెబితే చాలు. సెంటీమీటరు పొడవున్న అలకు అది దాదాపు 0.9 సెకను. పది సెంటీమీటర్ల అలకు నిమిషంన్నర. మీటరు అలకు దాదాపు రెండున్నర గంటలు. నూరు మీటర్ల అలకు రెండేళ్ళ తొమ్మిది నెలలు. 300 మీటర్ల అలకు పాతికేళ్ళు. ఒకే నీరు, ఒకే స్నిగ్ధత. ఈ అంకెలను బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోవడం ప్రతి ఏటా చూస్తాను. ఒకే గుణకం ఉన్న సమీకరణం ఈ ఆశ్చర్యాన్ని విద్యార్థికి ఎన్నటికీ ఇవ్వలేదు.

ఈ సూత్రాన్ని రాబట్టే దారిలో ఒక విచిత్రం ఉంది. దాని దగ్గర ఎంతసేపు ఆగినా నష్టం లేదు. లోతైన నీటి మీద చిన్న అల పోతుంటే లోపలి నీటి కణాలు వృత్తాల్లో తిరుగుతాయి. కానీ ఏ కణమూ తన చుట్టూ తాను తిరగదు. ఇలాంటి భ్రమణరహిత ప్రవాహంలో, సాంద్రత మారని ద్రవానికి, వేగపు లాప్లాసియన్ ప్రతిచోటా సున్నా. అంటే నీటి లోపల ఏ బిందువు దగ్గర చూసినా నికర స్నిగ్ధ బలం లేదు. అన్ని వైపుల లాగుళ్ళూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మరి అల ఎందుకు క్షీణించాలి?

ఇక్కడ చాలామంది పుస్తకం మూసేస్తారు. ఒక్క అడుగు ముందుకు వేస్తే ఈ పాఠంలోని అసలు అందం కనిపిస్తుంది. నికర బలం సున్నా అయినంత మాత్రాన వేడి పుట్టకుండా ఉండదు. ఒక నీటి ముద్దను ఒక దిశలో సాగదీసి, దానికి లంబంగా నొక్కితే దాని కేంద్రం కదలకపోవచ్చు, లోపల మాత్రం పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి, శక్తి వేడిగా మారుతుంది. అల కింద ప్రతి ముద్దకూ జరుగుతున్నది ఇదే. ఆ వేడిని ఉపరితలం నుంచి అడుగు దాకా కూడితే సెకనుకు ఎంత శక్తి పోతోందో తేలుతుంది. దాన్ని అలలో ఉన్న మొత్తం శక్తితో భాగిస్తే, స్నిగ్ధతను తరంగ సంఖ్య వర్గంతో గుణించి నాలుగు రెట్లు చేసిన విలువ వస్తుంది. శక్తి కంపన పరిమితి వర్గానికి అనులోమం కాబట్టి పరిమితి రేటు అందులో సగం. స్టోక్స్ ఫలితం ఇదే. మొత్తం లెక్క ఒక పేజీ, కావలసింది ఘాతీయ ప్రమేయాన్ని సమాకలనం చెయ్యడం మాత్రమే.

మరి ఆ విచిత్రం సంగతి? అల భ్రమణరహితంగా, తగ్గకుండా సాగాలంటే నీటి ఉపరితలాన్ని ఎవరో బయటినుంచి సరైన తాళంలో లాగుతూ నొక్కుతూ, లోపల పుట్టే వేడికి సరిపోయే పనిని చేస్తూ ఉండాలి. పైన ఉన్నది గాలి. అది ఆ పని చెయ్యదు. అందుకే అల క్షీణిస్తుంది. లోపలి బలాల సమీకరణం ఒక్కటే చూసినవారికి జవాబు దొరకదు, ఉపరితలం దగ్గరి హద్దు షరతు (అంచున ఏం జరగాలో చెప్పే నియమం) కూడా చూసినవారికి దొరుకుతుంది. పాక్షిక అవకలన సమీకరణాలు చెప్పేటప్పుడు హద్దు షరతులను చివరి పది నిమిషాల్లో తేల్చేసే అలవాటు మనకుంది. ఈ అలలో మాత్రం భౌతికశాస్త్రమంతా హద్దు షరతులోనే ఉంది.

ఇదే సందర్భంలో ధ్వని గురించి ఒక మాట. 1845లోనే స్టోక్స్ ద్రవంలో ధ్వని క్షీణతను లెక్కగట్టాడు. అక్కడా తరంగ సంఖ్య వర్గమే వస్తుంది, కానీ ముందున్న సంఖ్య రెండు కాదు, మూడింట రెండు వంతులు. కదలిక తీరు మారితే సంఖ్య మారుతుంది. అయితే నీటిలో కొలిచి చూస్తే ధ్వని ఆయన లెక్కకు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా క్షీణిస్తుంది. ద్రవం మొత్తంగా నొక్కుకుపోయి వ్యాకోచించేటప్పుడు కూడా రాపిడి ఉంటుంది. స్టోక్స్ ఆ రాపిడిని సున్నా అనుకున్నాడు. నీటి విషయంలో అది మామూలు స్నిగ్ధత కన్నా ఎక్కువ.

పాతికేళ్ళ అర్ధాయువు అన్న సంఖ్య కాగితం మీద బాగుంది, సముద్రంలో నిజమా? సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్, ఆయన సహచరులు 1963లో దీన్నే పరీక్షించారు. దక్షిణ మహాసముద్రపు తుఫానుల్లో పుట్టిన పొడవైన అలలను వెంటాడటానికి న్యూజీలాండ్ నుంచి సమోవా, పాల్మైరా, హవాయి మీదుగా అలాస్కా దాకా కొలత కేంద్రాలు పెట్టారు. 1966లో అచ్చయిన ఫలితం ఇది: తుఫాను ప్రాంతం దాటాక పొడవైన అలల్లో కొలవగలిగినంత క్షీణతే కనిపించలేదు. వాటి ఎత్తు తగ్గుతుంది. కానీ అది విశాలమైన సముద్రం మీద పరుచుకోవడం వల్ల, పొడవైనవి ముందు, పొట్టివి వెనక పడి విడిపోవడం వల్ల. శక్తి పంచుకోవడం వేరు, శక్తి వేడిగా మారడం వేరు. పరీక్షలో ఈ రెండింటినీ ఒకటే అనుకుని రాసిన జవాబు నాకు ప్రతి ఏటా కనిపిస్తుంది. ఇందులో పిల్లలను తప్పుపట్టను, విడదీసి చెప్పవలసింది మేము.

మనకు దగ్గరగానే దీనికి గట్టి ఉదాహరణ ఉంది. కేరళ తీరంలో గాలి లేకుండా, వాన లేకుండా, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఉన్నట్టుండి సముద్రం ఊళ్ళోకి వస్తుంది. అక్కడి మత్స్యకారులు దాన్ని కళ్ళక్కడల్ అంటారు. దాని పుట్టుక ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలోని తుఫానులో. 14 సెకన్ల ఆవర్తన కాలం ఉన్న అల పొడవు దాదాపు 300 మీటర్లు, దాని శక్తి సెకనుకు 11 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఆరున్నర వేల కిలోమీటర్లు దాటడానికి దాదాపు వారం. ఆ వారంలో స్నిగ్ధత వల్ల కంపన పరిమితిలో వెయ్యో వంతు కూడా పోదు. ఈ అలలు వస్తున్నాయని ముందే చెప్పే సంస్థ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది: భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అందరూ పిలిచే పేరు ఇన్‌కాయిస్. 2024 మే మొదటి వారంలో కేరళ, తమిళనాడు తీరాలకు ఇలాంటి హెచ్చరికే జారీ చేసింది. లోపలి నీరు అలను అంత తక్కువగా అరగదీస్తుంది కాబట్టే రోజుల ముందు హెచ్చరిక సాధ్యమైంది, అందుకే ఆ హెచ్చరిక అవసరమూ అయింది.

ఇప్పుడు సముద్రం వదిలి వంటింటికి రండి. 30 సెంటీమీటర్ల పొడవున్న స్టీలు ట్రేలో 3 సెంటీమీటర్ల లోతు నీళ్ళు పోసి, ఒక కొస కాస్త ఎత్తి దించండి. నీరు ఈ చివరికీ ఆ చివరికీ సెకనుకు కాస్త పైగా పట్టే ఊపుతో తూగుతుంది. ఈ తూగుకు తరంగదైర్ఘ్యం 60 సెంటీమీటర్లు. స్టోక్స్ లోతునీటి సూత్రంలో వేస్తే సగం కావడానికి 50 నిమిషాలకు పైగా పట్టాలి. ఫోనులో వీడియో తీసి చూడండి, అర నిమిషం లోపే సగమవుతుంది. నూరు రెట్లకు పైగా తేడా. సూత్రంలో తప్పు లేదు. శక్తి పోతున్న చోటు మారింది.

ట్రే అడుగుకు అంటుకున్న నీరు కదలదు. దాని పైనున్న నీరు ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఈ రెండింటి మధ్య వేగ భేదమంతా సన్నని పొరలో ఇరుక్కుపోతుంది. సరిహద్దు పొర అంటే ఇదే. దాని మందం శుద్ధగతిక స్నిగ్ధతను రెట్టింపు చేసి, కోణీయ పౌనఃపున్యంతో (2π ని ఆవర్తన కాలంతో భాగిస్తే వచ్చేది) భాగించి, వర్గమూలం తీస్తే వస్తుంది. మన ట్రేకు అది 0.6 మిల్లీమీటర్లు. మూడు సెంటీమీటర్ల నీటిలో యాభయ్యో వంతు మందమున్న ఈ పొరలో, మిగతా నీరంతటిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి వేడిగా మారుతుంది. పక్క గోడల దగ్గరా ఇదే కథ.

పైన కూడా ఇలాంటి పొర పుట్టించవచ్చు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాఫమ్ చెరువులో గాలికి రేగుతున్న అలల మీద టీ చెంచాడు నూనె పోసి చూశాడు. దాదాపు అర ఎకరం మేర నీరు అద్దంలా చదునైందని 1774లో అచ్చయిన తన వ్యాసంలో రాశాడు. నూనె జిగట వల్ల అలలు అణిగాయని అనుకుంటారు చాలామంది. అంత పలచటి పొరలో జిగటకు చోటెక్కడ? ఆ పొర సాగడానికి ఒప్పుకోదు, అసలు సంగతి అదే. అల పోతున్నప్పుడు ఉపరితలం ఒకచోట సాగాలి, ఒకచోట ముడుచుకోవాలి. సాగినచోట నూనె పలచబడి తలతన్యత పెరుగుతుంది, ముడుచుకున్నచోట తగ్గుతుంది. ఆ తేడా ఉపరితలాన్ని పట్టి ఉంచుతుంది. దాంతో నీటి పైభాగం కూడా అడుగులాగే కదలని హద్దవుతుంది, దాని కింద మిల్లీమీటరులో మూడో వంతు కన్నా సన్నని పొరలో రాపిడి పోగవుతుంది. పది సెంటీమీటర్ల అల సగం కావడానికి శుభ్రమైన నీటిలో నిమిషంన్నర పడుతుందని చెప్పాను కదా, అసలు సాగని పొర పైన ఉంటే ఆరు సెకన్లు చాలు. సముద్రంలో ఓడలు ఒలికించిన చమురు రాడార్ ఉపగ్రహ చిత్రాల్లో నల్లటి మచ్చగా కనబడేది ఇందువల్లే. రాడార్ కిరణాలను తిప్పి పంపే చిన్న అలలు అక్కడ బతకవు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఉదాహరణ మళ్ళీ కేరళ నుంచే. నైరుతి రుతుపవనాలప్పుడు అరేబియా సముద్రం తీరాన్ని బాదుతూ ఉంటుంది. ఆ కాలంలో అలప్పుళ జిల్లా తీరంలో కొన్నిచోట్ల మాత్రం సముద్రం చెరువులా ఉంటుంది. దాన్ని చాకర అంటారు. పక్క ఊళ్ళలో పడవ దింపలేని రోజుల్లో అక్కడ వేట జోరుగా సాగుతుంది. పాతకాలంలో వానాకాలపు ఓడలు కూడా ఆ శాంతజలాల్లో లంగరు వేసుకునేవి. కారణం అడుగున ఉన్న బురద. గట్టిపడకుండా ప్రవాహిలా కదిలే మెత్తటి బురద పొర మీదుగా వచ్చిన అల తీరం చేరేలోపు తన శక్తిలో చాలా భాగాన్ని ఆ బురదకు ఇచ్చేస్తుంది.

బురద ఎంత చిక్కగా ఉంటే అంత ఎక్కువ క్షీణత అనుకోవడం సహజం. లెక్క అలా చెప్పదు. 1958లో గాడే, 1978లో డాల్రింపుల్, లియూ అనే పరిశోధకులు పైన నీరు, కింద జిగట ద్రవం ఉన్న రెండు పొరల నమూనాను సాధించారు. బురద మరీ పలచనైతే అది నీటిలాగే కదిలిపోతుంది, రాపిడి తక్కువ. మరీ చిక్కనైతే గట్టి నేలలా నిలబడిపోతుంది, కదలికే లేదు కాబట్టి మళ్ళీ రాపిడి తక్కువ. బురద పొర మందం, ఆ బురదలో ఏర్పడే సరిహద్దు పొర మందానికి దగ్గరగా ఉన్నప్పుడే క్షీణత అత్యధికం. నీటి కన్నా పది వేల రెట్లు శుద్ధగతిక స్నిగ్ధత ఉన్న బురదలో పది సెకన్ల అలకు ఆ మందం దాదాపు 18 సెంటీమీటర్లు. ట్రేలో 0.6 మిల్లీమీటర్లు ఇచ్చిన సూత్రమే ఇక్కడ 18 సెంటీమీటర్లు ఇచ్చింది. గుణకాన్ని పెంచుకుంటూ పోతే క్షీణత పెరుగుతుందని నేర్చుకున్న విద్యార్థికి చాకర ఎప్పటికీ అర్థం కాదు.

చిక్కదనం బాగా పెరిగితే అసలు అలే ఉండదు. ఆముదంలో సెంటీమీటరు పొడవున్న అల పుట్టదు. గుంట పడితే అది పూడి చదునవుతుంది, అవతలికి ఊగదు. ఈ దశలో సూత్రం తలకిందులవుతుంది. తలతన్యత లెక్కలోకి రానంత వెడల్పు గుంటలైతే, వెడల్పు పెరిగే కొద్దీ త్వరగా పూడుతాయి. నీటిలో పొడవైన అల ఎక్కువకాలం బతికింది, ఇక్కడ పొడవైనదే ముందు పోతుంది. ఈ సూత్రంతోనే 1935లో హాస్కెల్ భూమి లోపలి మాంటిల్ జిగటను లెక్కగట్టాడు. మంచుయుగంలో మందపాటి మంచు స్కాండినేవియాను కిందికి నొక్కింది. మంచు కరిగి వేల ఏళ్ళయినా ఆ గుంట ఇంకా పూడుతోంది. బోత్నియా సింధుశాఖ తీరం ఈనాటికీ ఏటా దాదాపు ఒక సెంటీమీటరు పైకి లేస్తోంది. లెక్కలో తేలిన స్నిగ్ధత, ఒకటి పక్కన 21 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య, పాస్కల్ సెకన్లలో. వేళ్ళ సందున జారే ఆముదానికీ దానికీ సమీకరణం ఒక్కటే.

ఇదంతా డిగ్రీ పిల్లలకు ఎక్కువవుతుందని నా తోటి అధ్యాపకులు కొందరు అంటారు. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు: సిలబస్ పొడుగు, సమయం తక్కువ, ప్రవాహుల కదలికను వర్ణించే నేవియర్ స్టోక్స్ సమీకరణాలు పూర్తిగా చెప్పే వీలు లేదు. కానీ పైన నేను వాడినదానిలో ఆ సమీకరణాల పూర్తి రూపం ఎక్కడా అవసరం రాలేదు. వేగ భేదం, శక్తి నష్టం, ఒక వర్గమూలం, ఒక సమాకలనం. ఇవి మన పిల్లలకు రెండో సంవత్సరంలోనే వచ్చు. రానిది వాటిని నిజమైన నీటి మీద వాడటం. ఆ అవకాశం ఇవ్వకుండా ఎక్కువవుతుందని అనడం వాళ్ళకు అన్యాయం.

ప్రయోగశాలలో నేను పెట్టించాలనుకునేది చాలా చవకైనది. లోతైన తొట్టి, పలకను ఆడించడానికి ఒక పాత స్పీకరు, ఒక ఫోను. పది సెంటీమీటర్ల అలలు లేపి, స్పీకరు ఆపి, అల ఎత్తు సంవర్గమానాన్ని కాలానికి ఎదురుగా గీయాలి. తర్వాత ఐదు సెంటీమీటర్ల అలలతో అదే పని. రెండు గీతల వాలుల నిష్పత్తి నాలుగుకు దగ్గరగా వస్తే శక్తి లోపలి నీటిలో పోతోంది. 2.4 దగ్గర వస్తే నీటి మీద కంటికి కనబడని జిడ్డు పొర ఉంది, తొట్టి కడిగి మళ్ళీ చెయ్యాలి. 1.2 దగ్గర వస్తే పక్క గోడలు తినేస్తున్నాయి, వెడల్పు తొట్టి తేవాలి. పుస్తకంలోని గుణకం నిజమైతే ఆ నిష్పత్తి సరిగ్గా ఒకటి రావాలి.